అంజూర కొమ్మల సీనియారిటీ జాబితా

చెట్టు కొమ్మలకు సీనియారిటీ జాబితా తయారుచేసిన మొదటి గుమాస్తాను బహుశా నేనే అయ్యుంటాను. గొప్పకు చెప్పుకోవడం లేదు. అడిగేవాళ్ళు ఎలాగూ అడుగుతూనే ఉన్నారు. సగం సగం చెప్పి నవ్వులపాలయ్యే బదులు మొదటినుంచీ చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. నా పేరు కంబగిరి. మెట్టప్రాంత పండ్లతోటల ప్రోత్సాహక సంస్థ జిల్లా కార్యాలయంలో అప్పటికి సీనియర్ అసిస్టెంటుని.

పండ్లతోటలు ఎలా పెంచాలో రైతులకు చెప్పడం మా సంస్థ పని. మేము పెంచం. చెబుతాం. ఆవరణ మొత్తానికీ ఉన్నది ఒకే ఒక్క పండ్లచెట్టు, అంజూర. దాని ముందు 'ఆదర్శ అంజూర – అధిక దిగుబడి ప్రదర్శన' అని ఆకుపచ్చ బోర్డు. చెట్టు నాటిన రోజే బోర్డూ నాటారు. ఇన్నేళ్ళలో బోర్డుకి మూడుసార్లు రంగు వేశారుగానీ చెట్టు మీద ఎవరూ చెయ్యి వేయలేదు. అది అడ్డదిడ్డంగా పెరిగి, డైరెక్టరుగారి కిటికీ మూసేసి, ఒక కొమ్మను గోడ దాటించి అవతలి టీ బంకు మీదికి కూడా పంపింది. ఆకులు బోలెడు. కాయ మాత్రం అప్పటికి ఆరేళ్ళుగా లేదు. ఏటా నివేదికలో 'దిగుబడి సంతృప్తికరం' అని రాసింది నేనే. ఎవరికి సంతృప్తో రాయలేదు కాబట్టి అది అబద్ధం కిందికి రాదు.

ఈ నివేదికలు ఎవరో చదువుతారని మాకు తెలియదు. ఆ సంవత్సరం సెప్టెంబరులో ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. కమిషనరుగారు మార్చి మూడో వారంలో వస్తున్నారట. 'నివేదికలలో ప్రస్తావించబడిన ఆదర్శ అంజూర ఫలములను చెట్టునుండి స్వయముగా కోసి రుచి చూడగోరుచున్నారు' అని ఉంది. మా డైరెక్టరు వైకుంఠరావుగారు ఆ వాక్యం మూడుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి, కిటికీ అవతలి ఆకుల్ని శత్రువుని చూసినట్టు చూశారు.

అలా మారెక్క మా ఆఫీసుకి వచ్చింది.

రాయదుర్గం వైపు అంజూర తోటల్లో ఇరవై ఏళ్ళు కొమ్మలు కత్తిరించిన మనిషి ఆమె. నలభై అయిదేళ్ళుంటాయి. చేతులనిండా అంజూర పాలు కారి చేసిన మచ్చలు. డైరెక్టరుగారు తాత్కాలిక పద్ధతిలో తీసుకుని, నా ఎదుటే ఆమెతో చెప్పారు. "చూడమ్మా, మార్చిలోగా ఈ చెట్టు కాసిందా, నీకు మరో ఏడాది పొడిగింపు. లేదంటే మార్చి ముప్పై ఒకటితో సరి."

మారెక్క సరేనని తలూపింది. గుర్తింపు కార్డు ఇచ్చేటప్పుడు మాత్రం చేతులు కొంగుకి తుడుచుకుని తీసుకుంది. ఎర్రదారం, ఫోటో, పేరు, దాని కింద 'తాత్కాలికం' అని ఉంటుంది.

"ఈడ కింద ఏం రాసుండాది సార్?" అని అడిగింది నన్ను.

"ఆఫీసు మనిషి అని," అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"ఇరవై ఏండ్లు తోట తోటకీ పోయి పని అడుక్కున్యా సార్. ఒసే, ఏయ్, అని పిలిసినోళ్ళే గానీ పేరెవురూ అడగల్యా. ఈడ పేరు రాసి మెడకేసినారు," అంది. ఆ కార్డు మెడలోంచి తీయగా నేను చూడలేదు. చెట్టెక్కినా అది గొలుసులాగా ఊగుతూనే ఉండేది.

రెండురోజులు చెట్టు చుట్టూ తిరిగి మారెక్క తన లెక్క చెప్పింది. "చెట్టు మంచిదే సార్. దుబ్బు కమ్మిపోయింది, గాలీ ఎండా పోవు. అంజూర కొత్త కొమ్మకే కాస్తాది. ముసిలి కొమ్మలు కొట్టేయల్ల. అప్పుడు కొత్తవి పుట్టి, ఆకు ఆకుకీ ఒక కాయ పెడతాయి. ఈ నెల్లోనే కొట్టేస్తే మార్చికి పండ్లే పండ్లు."

డైరెక్టరుగారి ముఖం వెలిగిపోయింది. "వెంటనే ఫైలు పెట్టండి," అన్నారు నాతో. మారెక్క కొడవలి పట్టుకుని నిలబడింది. ఫైలంటే ఏమిటో ఆమెకు అప్పటికి తెలియదు.

ఫైలు సూపరింటెండెంటు భీమోజీరావుగారి దగ్గరికి వెళ్ళి ఆగింది. భీమోజీరావుగారు ముప్పై మూడేళ్ళ సర్వీసు ఉన్న మనిషి. ఉద్యోగుల సంఘానికి జిల్లా అధ్యక్షుడు. నిద్రలో లేపి అడిగినా సర్వీసు నిబంధన నంబరుతో సహా చెప్పగలడు. ఆయన పాత సర్క్యులరు ఒకటి బయటికి తీశాడు. వేరే జిల్లాలో ఎవరో తమ గదికి అడ్డమొచ్చిన కొమ్మలే ఏరి ఏరి కొట్టించారని ఆకాశరామన్న ఉత్తరం రాస్తే పుట్టిన సర్క్యులరు అది. 'కొమ్మల తొలగింపు విషయమై వ్యక్తిగత ఇష్టాయిష్టములకు తావీయక, పారదర్శకమైన ప్రాతిపదికను అనుసరించవలెను' అని ఉంది. ఆ ప్రాతిపదిక ఏమిటో రాయడం మాత్రం మరిచిపోయారు.

"ప్రాతిపదిక అంటే ఏముంటుందయ్యా కంబగిరీ," అన్నాడు భీమోజీరావుగారు. "ఉన్న సంఖ్యలోంచి కొందరిని తీసేయవలసి వచ్చినప్పుడు మనం ఏం చేస్తాం? చివర వచ్చినవారు మొదట పోవాలి. ఇంతకంటే న్యాయమైనది ఇంకోటి ఉందా?"

"ఆమె పాత కొమ్మలు తీసేయాలంటోంది సార్."

ఆయన పెన్ను కింద పెట్టాడు. ఆయనకి అప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. "ఈరోజు పాత కొమ్మ కాయడం లేదని కొట్టేయనిస్తాం. రేపు ఆ ఫైలే చూపించి మన దగ్గరికి వస్తారు. పాత సూపరింటెండెంటు కాయడం లేదంటారు. నువ్వేం కాస్తున్నావ్ చెప్పు?"

నేను ఏం కాస్తున్నానా అని ఆలోచించాను. వెంటనే జాబితా పని మొదలుపెట్టాను.

కొమ్మలకు సర్వీసులో చేరిన తేదీ ఉండదు. అందువల్ల చుట్టుకొలతనుబట్టి నిర్ణయించాం. లావుగా ఉన్నది సీనియరు. దర్జీ టేపు పట్టుకుని నేను నిచ్చెన ఎక్కితే, మారెక్క నిచ్చెన పట్టుకుంది. అరవై నాలుగు కొమ్మలు తేలాయి. ఒక్కోదానికి రేకుముక్క మీద నంబరు వేసి తీగతో కట్టాం. ఒకటో నంబరు కొమ్మ ఉత్తరం దిక్కున డైరెక్టరుగారి కిటికీకి అడ్డంగా ఉన్నది. లోపలంతా చెదలు తినేసి డొల్ల. తడితే ఖాళీ డబ్బా చప్పుడు. అయినా దానంత సీనియరు లేదు. గోడదాకా కొలిచి ఆపేశాం. గోడ అవతలికి పోయిన కొమ్మ పురపాలక సంఘం పరిధిలోకి వస్తుంది కనుక దాన్ని జాబితాలో చేర్చలేదు.

చిక్కులు రాకపోలేదు. ముప్పై ఒకటి, యాభై నాలుగు ఒకదానికొకటి చుట్టుకుని పెరిగాయి. ఒకటి ఉండి ఒకటి పోవడానికి లేదు. భీమోజీరావుగారు అరగంట ఆలోచించి, వాటిని భార్యాభర్తల కోటా కింద పరిగణించి ఇద్దరినీ ఒకేచోట ఉంచాలని రాశాడు. ఒకే పంగలోంచి పుట్టిన రెండు కొమ్మల చుట్టుకొలత వెంట్రుకవాసి తేడా లేకుండా సమానంగా వచ్చింది. వాటికి చీటీలు వేశాం.

జాబితా నోటీసు బోర్డు మీద పెట్టాం. సంబంధితులకు తెలియాలి కదా అని ఒక ప్రతి చెట్టు మొదట్లో కూడా తగిలించాం. అభ్యంతరములున్నచో పదిహేను దినములలోగా వ్రాతపూర్వకముగా తెలుపవలెను. పదిహేను రోజులూ వేచి చూశాం. కొమ్మలనుంచి ఏ అభ్యంతరమూ రాలేదు.

మారెక్కనుంచి మాత్రం ఒకటి వచ్చింది. నాచేతే రాయించి వేలిముద్ర వేసింది. భీమోజీరావుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, 'అర్జీదారు సదరు జాబితాలో లేనందున అభ్యంతరం తెలుపుటకు అర్హురాలు కాదు' అని రాసి పంపాడు. నేనే చదివి వినిపించాను.

"నేను కొమ్మను కాదనా సార్?" అంది.

అవునన్నాను. రూలు అదే మరి.

అయినా డైరెక్టరుగారు మెత్తని మనిషి. ఆమె గోల భరించలేక కమిటీ సమావేశం పెట్టారు. ఆయన, భీమోజీరావుగారు, మినిట్స్ రాయడానికి నేను. మారెక్కను తలుపు దగ్గర నిలబెట్టారు.

"సార్, మీకు దండం పెడతా," అంది మారెక్క. "మీ జాబితాలో కింద ఉండేటివే కాసేటివి. వాటిని కొడితే ఇంగేం కాస్తాది? పైన ఉండేటివి కట్టెలు సార్. పొయ్యిలోకి పనికొస్తాయి."

భీమోజీరావుగారి ముఖం ఎర్రబడింది. "సుదీర్ఘకాలము సంస్థకు నీడనిచ్చిన కొమ్మలను కట్టెలనడం తీవ్ర అభ్యంతరకరం. దయచేసి రికార్డు కాకుండా చూడండి," అన్నాడు. నేను రాసిన మాట కొట్టేశాను.

"నీడ కోసరమైతే యాపచెట్టు పెట్టుకోవల్ల సార్. ఇది అంజూర."

డైరెక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, నీ అనుభవాన్ని మేము గౌరవిస్తున్నాం. కానీ ఇది ప్రదర్శన చెట్టు. కాయ ఎంత ముఖ్యమో విధానం అంతే ముఖ్యం. కాయ కాయకపోతే వాతావరణ పరిస్థితులని రాయవచ్చు. విధానం తప్పితే ఏమని రాస్తాం?"

ముప్పై ఏళ్ళుగా నేను బతుకుతున్నది ఆ ప్రశ్న మీదే.

చెట్టుకు నలభై కొమ్మలు చాలునని కమిటీ మంజూరు చేసింది. భార్యాభర్తల కోటాలో ఉన్న యాభై నాలుగును వదిలి, కిందినుంచి ఇరవై నాలుగు జూనియర్లను తొలగించాలని తీర్మానం. తొలగించే పని ఎవరిది? మారెక్కదే. కత్తెర పట్టుకుని ఒక్కోదాన్ని కోస్తూంటే, కోసిన చోటల్లా తెల్లని పాలు బొట్లు బొట్లుగా కారాయి. నేను కింద నిలబడి జాబితాలో టిక్కులు పెట్టాను. ఇరవై నాలుగు అయ్యాక ఆమె నిచ్చెన దిగి, గోడకి ఆనుకుని కూర్చుని, కొంగు మొహం మీద కప్పుకుంది.

"నా చేత్తో నా పొట్ట కోయించినారు సార్," అంది.

ఆ పాలు కంటికి తగిలితే మండుతుంది, మొహం కడుక్కో అని మాత్రం అన్నాను.

చెట్టు మాత్రం అంత తేలిగ్గా వినలేదు. ఇరవై రోజుల్లో పాత మొద్దుల మీదినుంచే కొత్త చిగుళ్ళు పొడుచుకొచ్చాయి. మారెక్క పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించింది. "చూడండి సార్, ఇదెంత మంచి చెట్టో. మనం ఇంత చేసినా మల్లా పెడతాండాది. వీటినన్నా వదిలేస్తే కాస్తాది సార్." ఆ రోజు ఆమె నవ్వడం చూశాను.

మర్నాడే భీమోజీరావుగారి కంటపడ్డాయి. ఆయన చెట్టు చుట్టూ తిరిగి లెక్కపెట్టాడు. "మొత్తం ఎనభై ఆరు. ఎవరి అనుమతితో?" అన్నాడు. కొత్త నియామకాలపై నిషేధం అమలులో ఉన్నదనీ, మంజూరైన నలభైకి మించి ఒక్క చిగురు వచ్చినా అది అక్రమ నియామకమే అవుతుందనీ నోటు పెట్టాడు. డైరెక్టరుగారు సంతకం చేశారు. అప్పటినుంచి ప్రతి సోమవారం ఉదయం పదిన్నరకి చిగుళ్ళ తొలగింపు జరిగేది. రిజిస్టరు నా దగ్గరే. ఒక్క సోమవారం కూడా తప్పలేదని గర్వంగా చెప్పగలను. ఫిబ్రవరికల్లా ఆదర్శ అంజూర నలభై మోడు కొమ్మలతో, గాలికి రేకుముక్కలు టంగుటంగుమంటూ, సంతబయలులో విప్పేసిన పందిరిలాగా మిగిలింది.

అలాంటి ఒకరోజు టీ తాగుదామని గోడ అవతలికి వెళ్ళాను. బంకు కప్పు మీద నాకు కనిపించిన దాన్ని చూసి గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. గోడ దాటి వచ్చిన ఆ కొమ్మను ఎవరో పద్ధతిగా కత్తిరించారు. పాత మొద్దు కొట్టేసి, కోసిన చోట మందు పూశారు. దాన్నుంచి పదకొండు కొత్త కొమ్మలు పైకి లేచాయి. ఆకు ఆకు దగ్గరా ఒక కాయ, గోలీలంత, ఆకుపచ్చగా.

మారెక్క అక్కడే నిలబడి ఉంది. దాచడానికి ప్రయత్నించలేదు. "ఇరవై నాలుగూ కొట్టించిన దినమే సాయంత్రం దీన్నీ చూసుకున్యా సార్. నా సొంత కత్తెరతోనే. ఆఫీసు టైములో చేయల్యా," అంది. మళ్ళీ తనే, "చెప్తారా?" అంది.

"గోడ అవతలిది మా ఫైల్లో లేదు. లేనిదాని గురించి నేను ఎలా చెప్తాను?" అన్నాను. టీ ఆమెకి కూడా చెప్పాను.

మార్చి మూడో వారంలో కమిషనరుగారు వచ్చారు. మనిషి చురుకు, వయసు తక్కువ. దండలు తప్పించుకుని నేరుగా చెట్టు దగ్గరికి నడిచారు. ఆ మోడును, రేకుముక్కల్ని, బోర్డును వరసగా చూసి, "పండ్లేవి?" అన్నారు. వైకుంఠరావుగారు వాతావరణ పరిస్థితులు అని మొదలుపెట్టబోయారు. అంతలో మారెక్క గేటులోంచి పళ్ళెం పట్టుకుని వచ్చింది. ముదురు ఊదారంగు పండ్లు, ఒత్తితే పగిలేలా ఉన్నాయి. కమిషనరుగారు ఒకటి తిన్నారు. కళ్ళు మూసుకుని రెండోది, మూడోది తిన్నారు. నేనూ రెండు తిన్నాను. చెబితే నమ్మరు, ఆరేళ్ళుగా నేను రాసిన దిగుబడి రుచి అదే మొదటిసారి నాకు తెలియడం.

"ఇది ఎలా సాధించారు?" అన్నారు కమిషనరుగారు.

వైకుంఠరావుగారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "సీనియారిటీ ప్రాతిపదికన కత్తిరింపు సార్."

కమిషనరుగారు పుస్తకంలో రాసుకున్నారు. రాష్ట్రమంతటా అమలు చేద్దామన్నారు. తర్వాత ఏ కొమ్మ కాసిందో చూపించమని మారెక్క వెంట గోడ అవతలికి వెళ్ళి, దాన్ని చూసి ఆశ్చర్యపోయారు. "దీనికి నంబరు లేదేం? ఇంత ప్రతిభ గల కొమ్మ జాబితా బయట ఉండటం అన్యాయం. వెంటనే క్రమబద్ధీకరించండి." ఆ మాటకి అందరం చప్పట్లు కొట్టాం. మారెక్క కూడా కొట్టింది. ఆ కొమ్మకి మంచి జరిగిందనుకుంది పాపం.

మర్నాడు క్రమబద్ధీకరించాం. ఆ తేదీనుంచి సర్వీసులోకి వచ్చింది కనుక దాని నంబరు నలభై ఒకటి. మంజూరైనవి నలభై. అంటే ఒకటి ఎక్కువ. చివర వచ్చినవారు మొదట పోవాలి.

ఇక మారెక్క పొడిగింపు ఫైలు. భీమోజీరావుగారు మనిషిగా చెడ్డవాడు కాదు, ఆయనా నాలుగు పండ్లు తిన్నాడు. కానీ నోటు ఇలా రాశాడు: 'జాబితాలోని నలభై కొమ్మలలో ఏ ఒక్కటియు కాయలేదు. కాసిన కొమ్మ, కాసిన తేదీనాటికి సంస్థకు చెందినది కాదు. కావున షరతు నెరవేరలేదు. పైగా సదరు మారెక్క అందరికంటె చివర చేరినవారు.' డైరెక్టరుగారు ఆ కాగితం వంక చాలాసేపు చూసి, నా వంక చూడకుండా సంతకం చేశారు.

ఉత్తర్వులు రెండూ నేనే టైపు చేశాను. కొమ్మకొకటి, మనిషికొకటి. 'జూనియరు అయిన కారణమున తక్షణము తొలగించడమైనది' అన్న వాక్యం దగ్గర మార్చవలసింది ఏమీ కనిపించలేదు. ఒకే డ్రాఫ్టు సరిపోయింది. ఇన్నేళ్ళలో మొదటిసారి నా రాత మీద నాకు అసహ్యం వేసింది.

మార్చి ముప్పై ఒకటిన మారెక్క చేసిన ఆఖరి పని ఆ కొమ్మను కొట్టేయడం. ఈసారి ఏడవలేదు. పదకొండు కొమ్మల్లో ఒక్కోదాన్నుంచి ఒకటి చొప్పున మూరెడు కడ్డీలు కోసి, తడిగుడ్డలో చుట్టుకుంది. కార్డు మెడలోంచి తీసి, తుడిచి, నా టేబుల్ మీద పెట్టింది.

"కింద ఉండేది ఆఫీసు మనిషి అని కాదంట కదా సార్. మొన్న టీ బంకాయన చదివి చెప్పినాడు," అంది. కోపంగా అనలేదు. అదే నాకు భరించరానిదైంది.

కడ్డీలు బయటికి పోవాలంటే గేటు పాసు కావాలి. రాశాను. వస్తువు: అంజూర కడ్డీలు, పదకొండు. తర్వాత గడిలో రెండు మాటలుంటాయి, ఒకటి కొట్టేయాలి. తిరిగి తీసుకురావలసినవి, తిరిగి తీసుకురానవసరం లేనివి. చెత్తకి ఎప్పుడూ రెండోదే ఉంచుతాం. నా చెయ్యి రెండోదాన్ని కొట్టేసింది.

"ఇవి సంస్థ ఆస్తి మారెక్కా. మళ్ళీ తెచ్చి అప్పగించాల్సిన బాధ్యత నీది. అందాకా చావనివ్వకూడదు. ఎక్కడైనా నాటుకో. ఎవరైనా వచ్చి నరకబోతే ఈ పాసు చూపించు, ఆఫీసువని చెప్పు," అన్నాను.

ఆమె పాసును మడిచి, ఇన్నాళ్ళూ కార్డు వేలాడిన చోట, జాకెట్టులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. వాళ్ళ అన్న ఇచ్చిన అయిదు సెంట్ల చోటులో ఆ పదకొండూ చెట్లయ్యాయి, నిరుడే కాపుకి వచ్చాయి. మారెక్క ఇప్పుడు తోట తోటకీ పోవడం లేదు. భీమోజీరావుగారు రిటైరయ్యారు, సీనియారిటీ ప్రకారం ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. మా ఆదర్శ అంజూర ఇంకా మోడుగానే ఉంది, రాష్ట్రమంతటా దానికి తోబుట్టువులు తయారయ్యాయి.

పోయిన నెల ఎవరో గేటు పాసులు తనిఖీ చేస్తూ ఆ పదకొండు కడ్డీలు తిరిగి రాలేదని పట్టుకున్నారు. కొత్త డైరెక్టరుగారు వెళ్ళి చూసి వచ్చారు. సంస్థ ఆస్తి కనుక మన విధానం వాటికీ వర్తిస్తుందనీ, పదకొండు చెట్లకు ఎనిమిది చాలుననీ, జూనియర్లు మూడింటిని గుర్తించి ఫైలు పెట్టమనీ ఆదేశించారు.

నిబంధనలు క్షుణ్ణంగా చూశాను. పదకొండూ ఒకే కొమ్మవి, ఒకే రోజు కోసినవి, ఒకే రోజు నాటినవి. పాసు మీద ఒకటే తేదీ. చుట్టుకొలత కొలిచే టేపు కనిపించడం లేదు, అది ఎవరి ఇంట్లో ఉందో నాకు తెలుసు. జూనియరు ఎవరో తేలేదాకా ఒక్క ఆకు కూడా ముట్టుకోవడానికి వీల్లేదని నోటు రాసి, ఫైలు నా బీరువాలో అడుగున పెట్టి, తాళం వేశాను. దానిమీద మారెక్క కార్డు పెట్టాను.

నాకింకా ఏడాదిన్నర సర్వీసుంది. ఆ ఫైలు విషయంలో తొందరపడే ఉద్దేశం నాకు లేదు.